మరియమ్మక్క వెళ్లి ఇచ్చిన జవాబు

డిసెంబరులో బేకరీ ముందు నుంచి వెళ్తుంటే కేకు కోసం మాడ్చిన చక్కెర వాసన తగులుతుంది. ఆ వాసనకు నాకు ముందు గుర్తొచ్చేది మరియమ్మక్కే. భీమవరం వైపు మనిషి. కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేసేది. ఏటా క్రిస్మస్‌కు ముందు అక్కడి చర్చిలో ఒక పెట్టె పెట్టేవారు. పనివాళ్ల పిల్లలు, ఏ మతం వారైనా, క్రిస్మస్ తాతకు ఉత్తరం రాసి అందులో వేయవచ్చు. ఆ అలవాటు అక్క రాకముందు నుంచే ఉంది. చర్చి ఆడవాళ్లు చందాలు వేసుకుని, అడిగిన బొమ్మో గౌనో కొని, తాత పేరుతో జవాబు రాసి పంపేవారు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన 1990 ఆగస్టులో, అక్కడ నేను పనిచేసే ఇంటివాళ్లు సౌదీకి వెళ్లిపోయారు. కడప జిల్లా నుంచి కొత్తగా వచ్చిన నన్ను అక్క ఫర్వానియా పేటలోని తన గదికి తీసుకెళ్లింది. మనవాళ్లు చాలామంది జోర్డాన్ మీదుగా ఊళ్లకు చేరారు. నా పాస్‌పోర్టు ఇంటివాళ్లతోనే పోవడంతో నేను కదల్లేకపోయాను. నన్ను వదిలి అక్క కదల్లేదు. డిసెంబరు రాగానే చర్చిలో పెట్టె మాత్రం పెట్టించింది.

"యాడ్నుంచి తెచ్చి ఇస్తావక్కా? అంగళ్లన్నీ ఖాళీ అయిపోయినాయి కదా!" అన్నాను.

"ఇవ్వలేకపోతే ఇవ్వలేమనే రాద్దాం. అడిగిన పిల్లకి ఉలుకూ పలుకూ లేకపోతే ఎలాగే?" అంది.

కొన్ని ఉత్తరాలే వచ్చాయి. పాత చీరలు చింపి బొమ్మలు కుట్టాం. ఒక్క ఉత్తరం దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. జగిత్యాల నుంచి వచ్చిన పద్మ కూతురు సుజాత రాసింది: 'నాకు బొమ్మ వద్దు. మా బాపును పంపియ్యి.' డ్రైవరైన ఆ తండ్రి యజమాని కుటుంబాన్ని సరిహద్దు దాటించడానికి వెళ్లాడు. తర్వాత కబురే లేదు.

"తొందర్లోనే వస్తాడని రాద్దామా?" అని అడిగాను. అక్క ఉత్తరాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"రాకపోతే? తాత అబద్ధమాడాడని ఆ పిల్ల అనుకోదూ? దీనికి కాయితం చాలదు. మనమే వెళ్దాం."

పండుగ ఉదయం సైనికుల తనిఖీ దాటుకుని వాళ్ల గదికి వెళ్లాం. సుజాత తలుపు చాటునుంచి చూసింది. అక్క నేల మీద చతికిలబడి, "నీ ఉత్తరం అందిందమ్మా. మీ నాన్న ఎక్కడున్నాడో మాకు తెలీదు. తెలిసేదాకా మేం వస్తూ ఉంటాం," అంది.

"తాత రాడా?"

"రాలేడమ్మా. వచ్చినోళ్లం మేమే."

పిల్ల మా ఇద్దరినీ చూసి, "రేపు గూడ వస్తరా?" అని అడిగింది.

వెళ్లాం. యుద్ధం ముగిసేదాకా, బయట అడుగు పెట్టగలిగిన ప్రతి పగలూ వెళ్లాం. అక్క ఆ పిల్లకు జడ వేస్తూ కబుర్లు చెప్పేది. ఆ కాస్త సేపూ పద్మ వంటగదిలోకి వెళ్లి కరువుతీరా ఏడ్చుకునేది. సైన్యం వెళ్లిపోయిన కొన్నాళ్లకు, సౌదీలో చిక్కుకుపోయిన తండ్రి తిరిగొచ్చాడు. మేం వెళ్లేసరికి సుజాత ఆయన మెడ పట్టుకుని వేలాడుతోంది. మమ్మల్ని చూడనే లేదు. అక్క కళ్లు తుడుచుకుని, నన్ను గుమ్మం నుంచే వెనక్కి లాక్కొచ్చింది.

అక్క ఇప్పుడు లేదు. నేను రాజంపేటలో ఉంటున్నాను. మా ఊరి హాస్టల్ పిల్లలు రాసే క్రిస్మస్ ఉత్తరాలకు మేం కొందరం కలిసి జవాబులిస్తాం. బొమ్మలూ బూట్లూ అడిగినవాటిని అందరూ ఇష్టంగా తీసుకుంటారు. మనం ఇవ్వలేనిది అడిగిన ఉత్తరం ఉంటే, దాన్ని నాకివ్వమంటాను. ఆ పిల్ల దగ్గరికి నేనే వెళ్తాను.