కొత్త అమావాస్య నాడు అతికిన కారు

పోయిన వారం మా వంటగదిలో కాలిన తీగ వాసన వచ్చింది. రబ్బరూ పాత గుడ్డా కలిసి మాడినట్టుండే వాసన. మా ఆవిడ పరుగున వెళ్ళి మెయిను ఆపేసింది. నేను మాత్రం కూర్చున్నచోటి నుంచే ధర్మవరం వెళ్ళిపోయాను. ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్ బోర్డు విప్పి చూసి, "పాత తీగలు సార్, మొత్తం పీకేస్తా" అన్నాడు. "పీకొద్దు" అన్నాను. అన్నది నేనే గానీ ఆ మాట నాది కాదు. చౌడమ్మక్కది.

డెబ్బైల చివరి మాట ఇది. నేను ధర్మవరంలో హైస్కూలు సైన్సు మాస్టరుని. సొంతూరు పామిడి. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్టతో దిగి, మగ్గాల వీధిలో చౌడమ్మక్క ఇంట్లో ముందు గది అద్దెకు తీసుకున్నాను. ఆమెకు అప్పటికి యాభై దాటి ఉంటాయి. భర్త పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు. వీధిలో చిన్నకూ పెద్దకూ అందరికీ అక్కే. ఆమె చీరలు నేసేది కాదు, మగ్గాలకు దారాలు అతికేది. నేసేకొద్దీ మగ్గం మీది నిలువు దారాలు అయిపోవస్తాయి. వాటినే వాళ్ళు వార్పు అంటారు. అప్పుడు కొత్త వార్పు తెచ్చి, దానిలోని ఒక్కో దారాన్ని మగ్గం మీద మిగిలిన ఒక్కో పాత దారం కొసకు జత చెయ్యాలి. వేల దారాలు, ఒక్కోటీ వెంట్రుకంత సన్నం. చౌడమ్మక్క వేళ్ళకు బూడిద రాసుకుని, రెండు కొసలూ దగ్గరికి తెచ్చి ఒక్క మెలి పెట్టేది. ముడి వేసేది కాదు. ముడి వేస్తే మగ్గంలో ఇరుక్కుంటుందట. ఆమె అతికిన వార్పును వీధిలో ఎవరూ మళ్ళీ సరిచూసుకునేవారు కారు.

నాకేమో ఆ రోజుల్లో ముక్కు మీద కోపం. పిల్లవాడు బొమ్మ తప్పు గీస్తే ఆ పేజీ చింపి వాడి చేతిలోనే పెట్టి మొదటి నుంచి మళ్ళీ గీయమనేవాణ్ణి. అదే మంచి చదువు చెప్పడం అనుకునేవాణ్ణి కూడా. ఒక సాయంత్రం నోటు పుస్తకాల దొంతర ముందు పెట్టుకుని వసారాలో కూర్చుని చింపుతూ ఉంటే చౌడమ్మక్క చూసింది.

"ఏమప్పా అయ్యవారూ, మొత్తం చింపితివే. దాంట్లో ఒక్క గీతన్నా సరింగా ల్యాదా?"

"ఉంటే ఉండనీలే అక్కా. తప్పు తీసేస్తేనే కదా ఒప్పు వచ్చేది."

"అట్లనా" అని తల వంచుకుని తన దారాలు తను చూసుకుంది. ఆమెకు నా మాట నచ్చలేదని తెలుసు. ఎందుకు నచ్చలేదో తెలుసుకోవడానికి నేనొక కారు కొనాల్సి వచ్చింది.

ఆ కారును ముదిగుబ్బలో చూశాను. పరీక్షల డ్యూటీ మీద వెళ్ళి, ఎండ భరించలేక ఒక శెనక్కాయల షావుకారు గోదాములో కాసేపు నీడకు నిలబడ్డాను. ఆ ఏడు పంట లేదు గనక గోదాము ఖాళీగా ఉంది, గోదాము ఖాళీగా ఉంది గనక మూలనున్న కారు కనబడింది. రెండే తలుపులు. నేలకు ఆనుకున్నంత కిందికి ఉంది. ముందు భాగం పొడుగ్గా సాగి, పైకప్పు వెనక్కి నున్నగా జారి, పరుగుకు సిద్ధంగా వంగిన వేటకుక్కలా ఉంది. ముందున్న కంపెనీ బిళ్ళ ఎవరో పీకేసినందువల్ల దాని పేరేమిటో ఎవరికీ తెలియదు. ఒకప్పుడెవరో దొర ఆదివారాలు సరదాగా తోలుకునేవాడట, చేతులు మారి మారి ఇక్కడికొచ్చి పడిందట. లోపల ఎలుకలు కాపురం పెట్టాయి. మా నాయన లారీ డ్రైవరు, అందుకని తోలడం నాకు వచ్చు. ఆదివారాలు కూర్చుని దీన్ని బాగుచేసుకుంటానని అక్కడికక్కడే షావుకారును బేరమాడాను. తా దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, నాకున్నది ఒక్క గది.

అది నడవదు కాబట్టి రెండెద్దులు కట్టించి ధర్మవరం దాకా లాగించుకొచ్చాను. వీధంతా అరుగుల మీదికి వచ్చి నిలబడితే, ఇది పందేలకు పరిగెత్తే బండి అని గొప్పగా చెప్పుకున్నాను. వీధికి పెద్దదిక్కు నాగప్ప, మగ్గాలు చాలా ఉన్నవాడు, బండి చుట్టూ ఒకసారి తిరిగి చూసి, "పందేలకు పరిగెత్తే బండి అంటివి గదప్పా, ఎద్దులు పరిగెత్తుతాండాయే" అన్నాడు. ఆ మాట స్కూలు దాకా పాకింది.

నవ్వితే నవ్వారు, అసలు చిక్కు వేరే ఉంది. మగ్గాల వీధిలో పొద్దున పూట పట్టు దారాలను వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా సాచి, చిక్కులు తీసి చుట్టుకుంటారు. వాళ్ళకు వీధంటే పని చేసుకునే చోటు. సరిగ్గా దాని నడుమన నా కారు కూర్చుంది. కొన్నాళ్ళు ఓర్చుకున్నారు. ఆఖరికి ఒకనాడు నాగప్ప నలుగురినీ వెంటబెట్టుకుని వచ్చాడు.

"అయ్యవారూ, ఉగాది పొద్దున ఈడ కొత్త వార్పు సాచాల. ఆ పొద్దుకు ఇది ల్యాకుంటే సరి. ఉంటే, పాత ఇనుము కొనేవాడు బండి కట్టుకుని వస్తాడు. ముందే చెప్తాండా."

ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు. లోపలి నుంచి చౌడమ్మక్క వచ్చి గడపలో నిలబడింది.

"ఉగాది పొద్దుకు అది దాని కాళ్ళతో అదే పోతాది నాగప్పన్నా. పూచీ నాది."

నాగప్ప వెంటనే నలుగురినీ తీసుకుని వెనక్కి తిరిగాడు. వీధిలో ఆమె మాటకున్న విలువ అది. ఆ విలువను తీసుకొచ్చి నా తుప్పు మీద పెట్టింది. "ఎందుకక్కా అట్ల పూచీ పడితివి? అది నడుస్తాదో లేదో నాకే తెలీదే" అన్నాను.

"ఆదివారం దాని కింద నుంచి లేచి వచ్చేటప్పుడు నీ మొగం చూసినా. ఆ పొద్దు మాత్రం నువ్వు ఎవురినీ కసరవు" అంది.

బస్టాండు దగ్గర లారీలు చూసే మెకానిక్ మస్తాన్‌ను బతిమాలుకున్నాను. ఆదివారం ఆదివారం వచ్చి బ్రేకులు, చక్రాలు, ఇంజను ఒక్కొక్కటే దారికి తెచ్చాడు. కొత్త బ్యాటరీ పెట్టాం. ఉగాది ముందరి ఆదివారానికి మిగిలింది తీగల పని ఒక్కటే. తీగలన్నీ ఒకే దుమ్ము రంగులో ఉన్నాయి, చాలాచోట్ల ఎలుకలు కొరికాయి. మస్తాన్ ఒక్కో తీగా వెతికి చూద్దామన్నాడు. నేను వింటేనా? సైన్సు మాస్టరుని కదా, డ్రాయింగు షీటు మీద మొత్తం బొమ్మ గీసిపెట్టుకున్నాను. ఇంజను నుంచి డాష్‌బోర్డు దాకా ఉన్న తీగల కట్టను రెండు వైపులా బ్లేడుతో కోసి పీకి పారేశాను. నా బొమ్మ ప్రకారం కొత్త తీగలు బిగించాను. బ్యాటరీ తగిలించగానే డాష్‌బోర్డు కింద నుంచి పొగ లేచింది. పోయిన వారం మా వంటగదిలో వచ్చింది సరిగ్గా ఆ వాసనే.

మస్తాన్ బ్యాటరీ ఊడదీసి, మాడిన కొత్త తీగలు తీసేసి చేతులు తుడుచుకున్నాడు. "బొమ్మ బాగుంది సార్. ఆ బొమ్మ సంగతి బండికి తెలీదు. ఇప్పుడు ఏ కొసది ఏ కొసో అల్లాకే తెలియాల" అన్నాడు.

ఆ రాత్రి అన్నం ముట్టలేదు. కారు పోతే పోయింది. నా తొందరకు చౌడమ్మక్క మాట పోతుందే అన్నదే నా దిగులంతా. తెల్లారగానే వెళ్ళి జరిగింది చెప్పి, "ఇనుము వాడిని నేనే పిలుస్తా అక్కా, నాగప్పకు నేనే చెప్పుకుంటా" అన్నాను. ఆమె వచ్చి బానెట్ కింద రెండు వైపులా వేలాడుతున్న కొసలను చాలాసేపు చూసింది.

"చదవేస్తే ఉన్న మతి పోయిందంట. వార్పు అయిపోయిందని మగ్గం మీద పాత దారాన్ని ఎవురన్నా మొత్తం పీకి పారేస్తారా అప్పా? పాతదాని కొస పట్టుకుంటేనే కదా కొత్తదానికి దారి తెలిసేది. ఈ కొసలన్నా మిగిల్చినావు, మంచిది. ఇంక దేన్నీ పీకొద్దు."

పండక్కి ముందు ప్రతి మగ్గానికీ ఆమె చేతులు కావాలి. ఆమెకు తీరికున్నది ఒక్కటే రోజు, ఉగాదికి ముందు రోజు వచ్చే కొత్త అమావాస్య. అమావాస్య నాడు మగ్గం ముట్టరు. ఆ పొద్దున చౌడమ్మక్క చెంబులో కుంకుడు రసం, ఒక మెత్తటి గుడ్డ, గిన్నెలో బూడిద పట్టుకుని కారు ముందు పీట వేసుకుంది. ఒక తీగ కొసను కుంకుడు నీళ్ళతో తడిపి మెల్లగా రుద్దింది. ఏళ్ళ దుమ్ము వదిలి, తీగ మీద చుట్టిన నూలు అల్లిక బయటపడింది. ఆకుపచ్చ అల్లికలో ఒక ఎర్ర పోగు.

"చూడప్పా, పచ్చలో ఎరుపు. దీని జత ఆ పక్క యాడో ఉంటాది. కడిగితే అదే చెప్తాది."

అన్నట్టే ఆ వైపు కొసలు కడిగితే పచ్చలో ఎరుపు దొరికింది. తెల్లదానిలో నలుపు, పసుప్పచ్చలో నీలం, ఒక్కొక్కటిగా పైకి వచ్చాయి. నెలల తరబడి ఆ కారుతో కుస్తీ పట్టిన నాకు దుమ్మే కనబడింది గానీ, దాని కింద నేత ఉంటుందని తోచనే లేదు. జత కుదిరిన రెండు పాత కొసల మధ్య మస్తాన్ కొత్త తీగ ముక్క అందిస్తే, ఆమె బూడిద వేళ్ళతో మెలి పెట్టేది, మస్తాన్ పైన టేపు చుట్టేవాడు.

మధ్యాహ్నానికి నాగప్ప వచ్చాడు. "అమావాస్య పూట అతుకుతాండావా చౌడమ్మా?" అన్నాడు కాస్త గట్టిగానే.

"ఇది మగ్గమా అన్నా? అచ్చు ల్యాదు, నాడె ల్యాదు. రాగి తీగ."

నాగప్ప ఆలోచించాడు. శాస్త్రంలో రాగి తీగ సంగతి లేదు కాబోలు, అరుగు మీద కూర్చున్నాడు. కాసేపటికి వంగి చూశాడు. ఇంకాసేపటికి, "ఊదాలో తెలుపుండేది దీనికి జత కాదు చౌడమ్మా, దానెనక ఉండాది చూడు" అని వేలు పెట్టి చూపించాడు. ఆ తర్వాత ఆయన తిరిగి అరుగు ఎక్కలేదు, కారు పక్కనే ఉండిపోయాడు.

కారు అడుగు నుంచి వెనక దీపాలకు పోయే తీగలను మాత్రం అసలు కొయ్యనివ్వలేదు చౌడమ్మక్క. పాతదాని కొసకు కొత్తది మెలిపెట్టి, వెనక నుంచి పాతదాన్ని లాగమంది. లాగితే కొత్తది దాని వెంటే బుద్ధిగా నడిచి వచ్చింది. పొద్దు వాలేసరికి రెండు జతలే మిగిలాయి. "ఇవి నువ్వు అతుకప్పా, నీ బండే కదా" అని బూడిద గిన్నె నా ముందుకు జరిపింది.

ఉగాది పొద్దున వీధికి మామిడాకులు కట్టారు. కొత్త వార్పులు చుట్టలుగా భుజాన వేసుకుని నేతగాళ్ళు నిలబడ్డారు. వీధి మొదట్లో పాత ఇనుము వాడు ఎద్దుల బండితో ఉన్నాడు. చౌడమ్మక్క తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, కారు పక్కన చేతులు కట్టుకుని నిలబడింది. నేను కూర్చుని, తాళం తిప్పి, స్టార్టరు బటన్ నొక్కాను. హారన్ మోగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ హారనే. వీధి వీధంతా నవ్వింది. ఇనుము వాడు ఎద్దులను అదిలించాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

చౌడమ్మక్క కిటికీలోకి వంగింది. "నిన్న నువ్వు అతికినవి ఏ రెండప్పా?"

"స్టార్టరుది, హారన్‌ది."

"అయితే ఇంకేమి. హారన్ నొక్కు."

నొక్కాను. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి దగ్గింది, మూడోసారి గట్టిగా అందుకుంది. ఆ చప్పుడుకు ఇనుము వాడి ఎద్దులు బెదిరి వాటంతటవే వెనక్కి తిరిగాయి. నేను సిగ్గు లేకుండా ఏడ్చాను. మస్తాన్ ఈల వేశాడు. చౌడమ్మక్క తలుపు తీసుకుని, అంత కింద ఉన్న సీట్లో ఎట్లా కూర్చోవాలో ఒక్క క్షణం ఆలోచించి, కూర్చుంది. వెనక ఉన్న కాస్త సందులోకి నాగప్ప మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని దూరాడు. ఆయన్ను ఎవరూ రమ్మనలేదు.

కారు దాని కాళ్ళతో అదే వీధి దాటింది. అద్దంలో చూస్తే, మేము వదిలిన చోటల్లా నేతగాళ్ళు వార్పులు సాచుకుంటూ మా వెనకే వస్తున్నారు. ఎర్రవి, పసుప్పచ్చవి. ముదిగుబ్బ రోడ్డెక్కాక వేగం పెంచాను. రెండు వైపులా బీడు నేల, వేడి గాలి. చౌడమ్మక్క భయపడిందేమోనని చూస్తే, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని రోడ్డునే చూస్తోంది.

"ఇన్నేండ్లు ఎన్ని అతికినానో లెక్కల్యాదప్పా. చీరలవుతాయి, యాడికో పోతాయి, ఎవురో కట్టుకుంటారు. నా చేత్తో అతికింది నన్నే ఎక్కించుకుని పోవడం ఇదే మొదలు" అంది.

వెనక నుంచి నాగప్ప, "ఇంకొంచెం గట్టిగా తోలప్పా" అన్నాడు.

ఆ రెండు తీగలనూ మర్నాడు మస్తాన్ మార్చాడు. బడి తెరిచాక నేను పేజీలు చింపడం మానేశాను. పిల్లవాడు తప్పు గీస్తే, అందులో సరిగ్గా ఉన్న గీత ఏదో ముందు వెతికి, దాని కొస నుంచి మొదలుపెట్టించేవాణ్ణి. కొన్ని పుస్తకాల్లో ఆ ఒక్క గీత వెతకడానికి చాలాసేపు పట్టేది. కానీ ఉండేది, ప్రతిదాంట్లోనూ ఉండేది. ఎనభైల్లో నాకు బదిలీ అయినప్పుడు కారును మస్తాన్‌కు ఇచ్చేశాను. చౌడమ్మక్క ఇప్పుడు లేదు. రిటైరయ్యే దాకా నా దగ్గర చదువుకున్న ప్రతి పిల్లవాడూ ఆమె చేతి మీదుగా వచ్చినవాడేనని నా నమ్మకం.

మా వంటగదిలో ఎలక్ట్రీషియన్ నా మాట విని, పాత తీగ కొసకు కొత్తది మెలిపెట్టి అవతల నుంచి లాగాడు. ఒకటి నేను అతుకుతానన్నాను. అతను నా చేతుల వైపు చూసి, "మీరు కూర్చోండి సార్" అన్నాడు. న్యాయమే. కూర్చున్నాను. దీపం వెలిగాక, అతను అతుకుతో సహా పారెయ్యబోయిన పాత తీగ ముక్కను అడిగి తీసుకున్నాను. వేలితో తడిమి చూశాను. ముడి లేదు, ఒక్క మెలే.