ఉద్యోగం వస్తుందని చెప్పని మేడం గారు

కృపావతి మేడం గారు కన్నుమూశారన్న కబురు శనివారం మధ్యాహ్నం స్టాఫ్‌రూములో అందింది. అమలాపురంలో రెండు రోజులు ఆస్పత్రిలో ఉన్నారట. ఎవరికీ చెప్పొద్దన్నారట. నేను చేతిలో ఉన్న పరీక్ష పేపరు ఆఖరి పేజీదాకా దిద్ది, మార్కులు వేసి, తర్వాతి పేపరు అందుకోబోయి ఆగిపోయాను. అప్పటికి గానీ విన్నమాట బుర్రకెక్కలేదు. దుఃఖపడటానికి కూడా ఓపిక కావాలి. ఈ మధ్య నాకు అదే కరువైంది.

మలికిపురం చుట్టుపక్కల పల్లెల పిల్లలకు మా చిన్న ఆర్ట్స్ కాలేజీలో ఇరవయ్యేడేళ్ళు చరిత్ర బోధించిన అధ్యాపకురాలు ఆవిడ. నేను ఆవిడ శిష్యురాలిని. ఆవిడ పదవీ విరమణ చేశాక అదే కుర్చీలో కూర్చున్నదాన్ని. సంతాపసభలో జ్ఞానజ్యోతి అన్నారు, విద్యాదాత్రి అన్నారు. మేడం గారు వింటే నవ్వేవారు. ఆవిడ మహోన్నత గుణం సత్యసంధత. ఆ సత్యసంధత పుణ్యమా అని మా బీయే సెక్షను ఏటా మూతపడబోయి బతికేది.

మే నెల వచ్చిందంటే మావంటి ప్రైవేటు కాలేజీల లెక్చరర్లకు ఎండలో తిరుగుడు తప్పదు. ఇంటర్ పాసైన పిల్లల ఇళ్ళకు వెళ్ళి, మా కాలేజీలో చేర్చండని తల్లిదండ్రులను బతిమాలాలి. దీన్నే కాన్వాసింగ్ అంటాం. పిల్లలు చాలకపోతే సెక్షను ఎత్తేస్తారు, దాంతోపాటు మమ్మల్నీను. అందుకని ఒకరు బ్యాంకంటారు, ఒకరు గ్రూప్ టూ అంటారు, నోటికొచ్చిన ఉద్యోగమల్లా చూపిస్తారు. కృపావతి గారు మాత్రం ఏ గుమ్మంలోనూ ఆ మాట అనలేదు.

మా ఇంటికీ వచ్చారు. అప్పటికే మా పిన్ని నాకు కువైట్‌లో ఇంటిపని చూసి ఉంచింది. కొబ్బరి చిప్పలు ఎండబెడుతున్న మా అమ్మ తలెత్తకుండానే అడిగింది.

“బీయే చదివితే ఏవొస్తాదండీ?”

“ఉద్యోగం వస్తుందని నేను చెప్పలేనమ్మా. మూడేళ్ళు కూర్చుని చదువుకుంటుంది. ఆ తర్వాత సంగతి నాకూ తెలీదు.”

కూడా వచ్చిన ఇంగ్లీషు మాస్టారు తల పట్టుకున్నారు. “అంత చెప్పాలాండీ?” అని గొణిగారు.

“అడిగేరు కదండీ” అన్నారు ఆవిడ.

ఆ సాయంత్రం అమ్మ తేల్చేసింది. “మొన్నొచ్చినాయన బేంకన్నాడు, నిన్నొచ్చినాయన కలెక్టరాఫీసన్నాడు. ఈవిడొక్కర్తే తెలీదంది. ఈవిడ దగ్గిరికే ఎల్లు.” కువైట్ పనికి నా బదులు మా పెదనాన్న కూతురు వెళ్ళింది.

మా క్లాసు ఒక రేకుల షెడ్డు. వానొస్తే పాఠం వినపడేది కాదు. ఆవిడ బోర్డు మీద రాసేవారు, మేం చదువుకునేవాళ్ళం. రాజోలు బస్సు ఆలస్యమైతే ఆ పిల్లలు వచ్చేదాకా పాఠం మొదలుపెట్టేవారు కాదు. మేం విసుక్కుంటే, “వాళ్ళు నిలబడి వస్తున్నారమ్మా. మనం కూర్చునే ఉన్నాం కదా” అనేవారు.

తెల్లారకముందే అమ్మతో కొబ్బరి పీచు పనికి వెళ్ళి వచ్చేదాన్ని గనక మొదటి పీరియడ్‌లో నాకు నిద్ర ఆగేది కాదు. ఒకనాడు ప్రిన్సిపాల్ గారు కిటికీలోంచి చూసి గద్దించబోయారు. “పడుకోనివ్వండి సార్. ఇంటి దగ్గర కుదిరితే ఇక్కడెందుకు పడుకుంటుందండీ?” అని మేడం గారు అడ్డుపడ్డారు. మధ్యాహ్నం అన్నం డబ్బాల దగ్గర కూర్చుని అదే పాఠం నాకొక్కదానికీ మళ్ళీ చెప్పారు. ఆ మూడేళ్ళలో అలా ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. మొఘల్ సామ్రాజ్య పతనం ఇప్పటికీ నాకు మాగాయ వాసనతోనే గుర్తు.

ఈ ఏడు ఆ ఎండ, ఆ గుమ్మాలు నా వంతయ్యాయి. బీయేకు ఏడుగురే పేరిచ్చారు. ఇరవై మందైనా లేకపోతే సెక్షను ఉండదని యాజమాన్యంవారు తేల్చిచెప్పారు. వెళ్ళిన ప్రతిచోటా మా అమ్మ అడిగిన ప్రశ్నే. విసిగిపోయాను, అలసిపోయాను, అబద్ధమాడాను. ‘మూడేళ్ళయ్యేసరికి ఉద్యోగం ఖాయమండీ’ అన్నాను. సెక్షను నిండింది. ఆ సంగతి ఇంకొకరి నోట వినకూడదని మేడం గారింటికి నేనే వెళ్ళాను.

“ఉద్యోగం వస్తుందని చెప్పేవా?”

“చెప్పేనండి. లేకపోతే ఎత్తేసేవారండి.”

“ఆయ్” అన్నారు. లోపలికి వెళ్ళి మజ్జిగ తెచ్చి ఇచ్చారు. తిట్టినా బాగుండేది. ఆవిణ్ణి ప్రాణాలతో చూడటం అదే ఆఖరు.

మేడం గారిని సమాధుల తోటలో సాగనంపి వచ్చిన మర్నాడు మొదటి సంవత్సరం క్లాసులో నిలబడి ఒప్పేసుకున్నాను. మీ ఇళ్ళలో నేను చెప్పింది అబద్ధం, ఉద్యోగం సంగతి నాకు తెలీదు, వెళ్ళిపోతామంటే సర్టిఫికెట్లు నేనే ఇప్పిస్తాను అన్నాను. వాళ్ళు వెళ్తే సెక్షను పోతుందనీ, నా కొలువూ పోతుందనీ తెలిసే అన్నాను.

ఎవరూ కదల్లేదు. వెనక బెంచీలోంచి శిరీష అనే పిల్ల లేచింది.

“ఆ సంగతి మాకు తెలుసండి మేడమ్. మా అన్నయ్య బీటెక్ చదివే ఖాళీగా ఉన్నాడండి.” మళ్ళీ తనే, “మా నాన్నకి మాత్రం చెప్పకండేం. తెలిస్తే రేపే మానిపించేస్తాడండి” అంది. మిగతావాళ్ళు కూడా తలలూపారు.

నిజం చెబితే ఆ పిల్ల చదువు పోతుంది. చెప్పకపోతే ఆ తండ్రిని మోసగించినట్టే. ఇన్నేళ్ళు నిజమే చెప్పి కూడా మావంటి పిల్లల్ని గుమ్మం దాటించి తెచ్చుకున్న మనిషి మా కోనసీమలో ఒక్కరే ఉండేవారు. ఆ స్థానంలో కూర్చోవడం నాకు చేతనైంది గానీ ఆ విద్య పట్టుబడలేదు. ఆ లోటు ఇక ఎవరూ తీర్చలేరు.

మేడం గారూ, మీకు నా వందనాలు. శిరీష వాళ్ళ నాన్నగారు బుధవారం కాలేజీకి వస్తారట. నాతో మాట్లాడాలన్నారట. ఆయనకేం చెప్పమంటారండీ?