మొహం గోడకు తిప్పిన కోతిబొమ్మ

నిన్న ఇక్కడి బ్రిక్‌ఫీల్డ్స్ పేట దగ్గరి మాల్‌లో ఎర్రటోపీ కోతిబొమ్మ కనబడింది. తెల్లదొరల కాలంలో పట్నంలోని పెద్ద దుకాణానికి గుర్తు అది. మళ్ళీ తయారుచేసి, "ఆ రోజుల తీపి" అని బోర్డు పెట్టి క్రిస్మస్‌కి అమ్ముతున్నారు. ఎవరికండీ తీపి?

ఎస్టేట్ లైన్లలో, ఆ తోటకూలీల ఇళ్ళ వరసల్లో, నాతో పెరిగినవాళ్ళారా, మా ఇంటి కోతిబొమ్మ గుర్తుందా? ఒంటినిండా కలరా ఉండల వాసన, చేతిలో రంగు పోయిన డోలు. క్రిస్మస్ నెల రాగానే మా అమ్మమ్మ దాని మొహం గోడకు తిప్పేసేది.

"ఎందుకు తిప్పినావు అమ్మమ్మా?"

"అది పిల్లల్ని ఎంచుతాది."

యుద్ధంలో జపానోళ్ళు ఈ దేశానికి రాకముందు మాట. ఏటా క్రిస్మస్‌కి దొరసాని లైన్లకొచ్చి ఒక్క ఆడపిల్లకే అలాంటి బొమ్మ ఇచ్చేదట. అందుకున్న పిల్ల బంగళాకి పోయి దొరగారి బిడ్డను ఆడించాలి. కాదనే నోరు ఎవరికుంది? ఒక ఏడాది మా అమ్మమ్మ వాళ్ళక్కకు ఇచ్చింది దొరసాని. తర్వాత దొర కుటుంబం ఓడెక్కుతూ ఆమెనూ తీసుకుపోయింది. మళ్ళీ కబురు లేదు, బొమ్మ మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. దీన్ని బహుమతి అనేవాళ్ళు నాతో వాదనకు రండి. నేను ఎత్తుకుపోవడం అంటాను.

"మరి పారెయ్యొచ్చు కదా?" అని అడిగాను ఒకసారి.

"అక్కదే పిల్లా. వచ్చి అడిగితే ఏటి సెప్పను?"

నిన్న నా మేనకోడలు "సో క్యూట్ లా, అత్తా!" అంటూ చెయ్యి చాచింది. నేను ఆ చెయ్యి పట్టుకుని, కోతి మొహం గోడకు తిప్పేశాను.

మేం కదలకముందే కౌంటర్ అమ్మాయి నవ్వుతూ వచ్చి, దాన్ని మళ్ళీ పిల్లల వైపు తిప్పి పెట్టింది.