వీపుకు నూనె రాసిన చేతులు

పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు. మంచు పడుతోంది. కశ్మీర్‌లో సరిహద్దు మీద ఒక గుట్ట కొన, దాని మీద మట్టితో, ఇసుకబస్తాలతో కట్టిన బంకరు. నలుగురు పట్టే చోట ఆరుగురం పడుకోవాలి. దుప్పట్లు మాకు ముందున్న దళం వదిలి వెళ్లినవి. గజ్జి వాటిలోనే కాచుకొని ఉంది.

మీకు నవ్వు రావచ్చు. సైనికుడంటే తూటాల గురించి చెబుతాడనుకుంటారు. ఆ చలికాలం మా మీదికి తూటా రాలేదు, పురుగు వచ్చింది. వేళ్ల సందుల్లో మొదలై నడుముకు, చంకలకు, వీపుకు పాకింది. మంచు తవ్వుతున్నంతసేపూ తెలియదు. స్లీపింగ్ బ్యాగులో ఒళ్లు వేడెక్కగానే మొదలు. రక్తం వచ్చేదాకా గోక్కునేవాళ్లం. సెంట్రీ డ్యూటీలో గ్లవుజుల లోపల దురద పుడితే ఏం చేస్తాం? తుపాకీ పట్టుకొని ఏడ్చాను, నిజంగానే.

మా రేడియో ఆపరేటరు కింది క్యాంపులోని నర్సింగ్ అసిస్టెంటును అడిగాడు.

“ఆయింట్‌మెంట్ ఎప్పుడొస్తుంది? ఓవర్.”

“రోడ్డు తెరిచాక. అందాకా ఉన్నదేదో రాసుకోండి. అందరూ ఒకేరోజు, మెడ నుంచి అరికాళ్ల దాకా. బట్టలన్నీ మరిగించండి. ఓవర్.”

ఆ ఆపరేటరుది మధురై. నాది కోయంబత్తూరు పక్క కినత్తుకడవు, కొబ్బరితోట ఉంది. ఆ కొండ మీదున్న ఆరుగురిలో తమ ఇళ్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. నాకంటే చిన్నవాడు, అన్నా అనేవాడు. నేను తంబీ అనేవాణ్ణి.

ఉన్నదేదో అంటే మా అమ్మ పంపిన పార్సిలే. ఎండు వేపాకు పొడి, పసుపు, మా తోట కొబ్బరినూనె. నూనె రాయిలా గడ్డకట్టింది. కిరసనాయిలు పొయ్యి మీద కరిగించి పొడులు కలిపాం. మంచు కరిగించిన నీళ్లలో దుప్పట్లు ఉడకబెట్టాం. ఎవరి వీపు వాళ్లకు అందదు కదా. నాకు వాడు రాశాడు, వాడికి నేను రాశాను.

“తంబీ, మంట పుడతాదిరా!”

“ఓర్చుకో అన్నా. మీయమ్మ పసుపు, ఊరికే విడస్తాదా?”

పుండ్ల మీద వాడి చెయ్యి ఎంత మెల్లగా నడిచేదో! ఎవరైనా అంత ఓపిగ్గా నన్ను ముట్టుకోవడం చిన్నప్పుడే. “లీవుకు మా ఇంటికి రా. మాయమ్మ నీకు ఆకేసి సాపాటు పెట్టాల,” అన్నాను.

వాడు మళ్లీ వేళ్లు నూనెలో ముంచాడు. “చూస్తాం అన్నా,” అన్నాడు.

దురద నెమ్మదించింది, కాస్త నిద్ర పట్టింది. పూర్తిగా పోయింది మాత్రం రోడ్డు తెరుచుకొని ఆయింట్‌మెంట్ వచ్చాకే. డ్యూటీ ముగిసి ఇద్దరికీ ఒకేసారి లీవు దొరికింది. కోయంబత్తూరులో దిగగానే వాడు మధురై బస్సు అన్నాడు. బ్యాగు లాక్కొని మరీ మా ఇంటికి తీసుకొచ్చాను.

వాడి తెలుగు వినగానే అమ్మ పొంగిపోయింది. “రా కణ్ణూ! మనవాడే! మధురైలో ఏ వీధి నాయనా?”

వాడు వీధి పేరు చెప్పాడు. నగరం ఊడ్చే పనివాళ్ల కాలనీ అది. భాష ఒకటే, కులం వేరు. మా ఊళ్లో ఆ కులం వాళ్లకు ఇంటి గ్లాసు ఇవ్వరు, ఇంట్లో ఆకు వెయ్యరు. అమ్మ నవ్వుతూనే లోపలికి వెళ్లింది. నాకు స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చింది. వాడికి ఎళనీ, అంటే కొబ్బరిబోండం, కొట్టించి ఇచ్చింది. బోండానికి గ్లాసు అక్కర్లేదు. చూసేవాళ్లకు మర్యాదలాగే ఉంటుంది.

నాకు ఒళ్లు మండిపోయింది. “అమ్మా! ఈ చేతులే నా వీపుకు నూనె రాసినాయి. లోపల ఆకెయ్యి!”

“అందుకే కద నాయనా, తోటలో మేలైన ఎళనీ కొట్టించినా,” అంది అమ్మ. ఆమె కళ్లలో నీళ్లు. దొంగ కన్నీళ్లు కావు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

వాడు నా భుజం నొక్కాడు. “విడు అన్నా. ఎళనీ తియ్యగా ఉండాది. పోయొస్తా.”

ఎంత బతిమాలినా ఆగలేదు. వెంట రావద్దన్నాడు. మళ్లీ మా ఇంటికి ఎన్నడూ రాలేదు.

తాగేసిన బోండాల గుట్ట మా వాకిట్లోనే ఉంది. తన ఎంగిలిది మా వాకిట్లో మిగలకూడదన్నట్టు, వాడు తన బోండం అందులో వెయ్యలేదు. భుజాన బ్యాగు వేసుకొని, ఖాళీ బోండం చేత్తో పట్టుకొనే గేటు దాటాడు. నేను మిలిటరీ వదిలి ఇన్నేళ్లయినా, ఎండలో ఆ బోండాన్ని మోసుకుపోతున్న మనిషే కళ్ల ముందు నడుస్తుంటాడు.