కుక్క నడుము మీది మూడు వాతలు

నా పొట్ట మీద, బొడ్డుకు కుడివైపున, రూపాయి బిళ్లంత వాత ఉంది. చిన్నప్పుడు పచ్చకామెర్లు వస్తే మా అమ్మ పసుపు కొమ్మును నిప్పుల్లో కాల్చి పెట్టింది. పెడుతూ నాకంటే తనే ఎక్కువ ఏడ్చిందని మా మేనత్త చెప్పేది. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, వాత అంటే ఏమిటో తెలియక ఆ వీడియో తీశానని ఎవరూ అనుకోకూడదు.

కామారెడ్డి బయట, ఎల్లారెడ్డి రోడ్డు పక్కన, కుక్కల కోసం ఒక రేకుల షెడ్డు నడుపుతున్నాను. బండ్ల కింద పడ్డవి, కొట్టి తరిమినవి, ముసలివయ్యాయని భిక్నూర్ దాబాల దగ్గర దించేసి పోయినవి అందులో ఉంటాయి. వాటి అన్నం, మందులు దాతల దయ. దాతలు వీడియోలు చూసి ఇస్తారు. జబ్బు చేసిన కుక్కను చూపిస్తే అయ్యో అనుకుని ముందుకు పోతారు. ఎవరో హింసించిన కుక్కను చూపిస్తే ఆగుతారు. ఇది తెలిశాక, కొత్త కుక్క రాగానే గాయం కంటే ముందు కథ వెతకడం నాకు అలవాటైంది.

ఎల్లారెడ్డి అవతల ఒక చిన్న పల్లె నుంచి ఫోన్ వస్తే వెళ్లాను. వెనక కాళ్లు పడిపోయిన గోధుమరంగు కుక్క గోనెసంచి మీద పడుకుని ఉంది. నడుము మీద వరసగా మూడు వాతలు. పక్కన దాన్ని సాకిన ముసలమ్మ కూర్చుని ఉంది.

"కాళ్లు లేస్తలేవు బిడ్డా. ఎడ్లకు పెట్టినట్టే కొడవలి కాల్చి వాతలు పెట్టిన. అయినా లేవకపాయె. నువ్వు మందు చేస్తవంట గదా."

"చేస్త అవ్వా."

"మల్ల తోలుకొస్తవా?"

"నడిచినంక నేనే తెస్త."

గోనెసంచికి ఒక కొస ఆమే పట్టుకుని కుక్కను బండిలోకి ఎక్కించింది.

షెడ్డుకు వచ్చాక ఫోన్‌ను వాతల దగ్గరికి జరిపి, "కాల్చి చావుకు వదిలేశారు, వీళ్లు మనుషులేనా?" అన్నాను. గొంతు వణికింది కూడా. ఆ వణుకు నిజమో నటనో ఇప్పటికీ చెప్పలేను. పల్లెలో తీసిన, ఆమె గుమ్మంలో నిలబడి మా బండిని చూస్తున్న ముక్కను వీడియో మొదట్లో అతికించాను. ముఖం కనపడకుండా చేయడం నాకు వచ్చు. చేయలేదు.

వీడియో ఊళ్లు దాటింది. షెడ్డుకు కొత్త రేకులు పడ్డాయి. కొన్నాళ్లకు కుక్క ఊగుతూ లేచి నిలబడింది. తెచ్చి ఇస్తానన్న మాట నేను మరిచిపోలేదు. కానీ కాల్చిన మనిషికే మళ్లీ ఎలా ఇస్తావని దాతలు అడిగితే ఏం చెప్పాలి?

ఒకరోజు మధ్యాహ్నం ముసలమ్మే బస్సెక్కి వచ్చింది. కుక్క కాళ్లు ఈడ్చుకుంటూ గేటు దాకా వెళ్లి, మూతితో ఆమె చేతులు వెతికింది. దాని తల నిమురుతూ, నావైపు చూడకుండానే ఆమె అడిగింది.

"కాల్చిన అన్నవంట. కాల్చిన్నే. ఎందుకు కాల్చిన్నో ఎందుకు చెప్పలే బిడ్డా?"

నేను స్టూలు తెచ్చి వేశాను. ఆమె కూర్చోలేదు.

"భిక్నూర్ల ఇచ్చిన నా బిడ్డకు అత్త ఉన్నది, ఆమె మనవరాలిని నా తానకు పంపుతలేదు. కుక్కను కాల్చినామె రేపు పిల్లను కాల్చదా అంటదంట. సెలవులొస్తే అది నా తాననే ఉండేది."

"వీడియో తీసేస్త అవ్వా," అన్నాను. కుక్కకు ఇంకా మందు కావాలని కూడా అన్నాను. రెండూ అబద్ధాలే. ఆమె ఒక్కతే వెనక్కి పోయింది.

ఆ సెలవులు గడిచిపోయాయి. కుక్క మాత్రం ఆ రోజు నుంచి గేటు దగ్గరే కూర్చునేది. రోడ్డు మీద బస్సు ఆగితే లేచి నిలబడి, దిగినవాళ్లందరినీ చూసి మళ్లీ కూర్చునేది. మళ్లీ ఎండాకాలం దగ్గరపడే దాకా నేను దాన్ని రోజూ చూశాను.

చివరికి పాత వీడియో తీసేసి, చొక్కా ఎత్తి నా వాత చూపిస్తూ, ముసలమ్మ పెట్టిన వాతలు కూడా వైద్యానికేనని చెప్పి కొత్తది పెట్టాను. కొందరు మోసగాడన్నారు. కాదనలేను. పాతది ఎవరెవరి ఫోన్లలోనో ఇంకా తిరుగుతోంది. కొత్తది చూసినవాళ్లు తక్కువ.

భిక్నూర్ వెళ్లి ముసలమ్మ కూతురి అత్త ముందు కూడా చొక్కా ఎత్తాను. ఆమె చాటలో బియ్యం ఏరుతూ విన్నది.

"ఆనాడు ఫోన్ల ఓ తీరు, ఈనాడు వాకిట్ల ఓ తీరు. రేపు ఇంకేం చెప్తవన్నా?" అంది. పిల్లను పంపుతాననలేదు, పంపననలేదు.

అటు నుంచి షెడ్డుకు వచ్చి, కుక్కను బండెక్కించుకుని ముసలమ్మ ఇంటికి వెళ్లాను. కుక్క దిగి, తన గోనెసంచి వెతుక్కుని పడుకుంది. ఆమె దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"పిల్ల వస్తదన్నరా?"

"నీ బిడ్డను నువ్వే అడుగు అవ్వా," అంటూ జేబులోంచి ఫోన్ తీశాను. భిక్నూర్‌లో తీసుకున్న నంబర్ వెతికేలోపు ఆమె కొంగు ముఖం మీదికి లాక్కుంది.

"ఫోన్ చేసేటందుకే అవ్వా, వీడియో కాదు."

కొంగు దించలేదు. దాని కింది నుంచే చెయ్యి చాచి ఫోన్ అందుకుంది. కుక్క నడుస్తుందని ముందు చెప్పింది. తర్వాత మనవరాలి సంగతి అడిగింది. అవతల ఏమన్నారో నాకు వినపడలేదు. ఫోన్ తిరిగి ఇచ్చేటప్పుడు కూడా ఆమె కొంగు తీయలేదు.