మోకాలి సూది కోసం నరసరావుపేట దాకా

మా అమ్మమ్మకు మోకాళ్లలో గుజ్జు అరిగింది. మిరప కల్లంలో గొంతుక్కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరడం మానదు; మోకాళ్లు మార్పించుకుంటే అలా కూర్చోవడం కుదరదని ఆపరేషన్‌కు ఒప్పుకోదు. నరసరావుపేటలో ఒక ఎముకల ఆస్పత్రి మూలకణాల ఇంజెక్షన్ మీద అధ్యయనానికి రోగులను ఎంపిక చేస్తోందని, ఎంపికైతే ఖర్చు వాళ్లదేనని తెలిసింది. ఆ ఒక్క ఆశతో మాచర్లలో బయల్దేరాం.

ఉదయం ఆరున్నర ఎక్స్‌ప్రెస్ గురజాల, పిడుగురాళ్ల మీదుగా వెళ్తుంది. ఆడవాళ్లకు ఉచితం, ఆధార్ చూపిస్తే చాలు. సీటు మాత్రం దొరకదు. పిడుగురాళ్ల దాకా నిలబడే ఉన్నాం. ఎవరినైనా లేవమని అడగడానికి నాకు నోరు రాలేదు. వింతగా అమ్మమ్మ ఒక్కసారి కూడా మూలగలేదు. దిగాక ఆటోకు ఎనభై రూపాయలు. "మోకాళ్ల సూదికా? మా అత్త కూడా ఏయించుకుంది. నడుస్తానే ఉంది, డాక్టర్ని తిడతానే ఉంది," అన్నాడు డ్రైవరు.

డాక్టరుగారు దాపరికం లేకుండా చెప్పారు. "గుజ్జు మళ్లీ పుడుతుందని ఎవరన్నా అంటే నమ్మకండమ్మా. లోపలి వాపు, నొప్పి తగ్గుతాయేమోనని చూస్తున్నాం. అందరికీ తగ్గుతుందని మేమూ చెప్పలేం." తర్వాత, ఈమధ్య మోకాలికి ఇంజెక్షన్ ఏమైనా చేయించారా అని అడిగారు. లేదన్నాను.

"నిన్న మన ఆరెంపీ ఏశాడుగా," అంది అమ్మమ్మ. "రెండిట్లోనూ."

ఊళ్లో వైద్యం చేసే ఆ ఆరెంపీకి అక్కడినుంచే ఫోన్ చేశాను. "ప్రయాణముందని అందిగా, స్టెరాయిడ్ ఏశా. బాగా పనిచేసిందా?" అన్నాడు. స్టెరాయిడ్ కొన్నాళ్లు వాపును అణిచేస్తుంది కాబట్టి, ఇక మూలకణాల ఫలితమేదో తేలదన్నారు డాక్టరుగారు. మూడు నెలలు ఆగాలి. ఎంపిక ఈ నెలతో ముగుస్తుంది.

ఆస్పత్రి మెట్ల మీద అమ్మమ్మను అడిగాను. "నాకొక్క మాట చెప్పొచ్చుగా?"

"ఏందే నీ గోల? ఫ్రీ బస్సాయె, సీటుండదు. నువ్వా నోరు తెరిచి ఎవర్నీ అడగవు. నిలబడాల్సింది నేనేగా."

తిరుగు బస్సులో స్త్రీల సీట్లో ఒకాయన నిద్ర నటిస్తున్నాడు. "లేవండి, మా అమ్మమ్మకు మోకాళ్లు బాగాలేవు," అన్నాను, అవసరానికి మించిన గొంతుతో. లేచాడు. అమ్మమ్మ కూర్చుని కిటికీ అద్దం జరిపింది. "ఇట్టా అడుగుతావని నిన్నే తెలిసుంటే సూది తప్పేదిగా."

ఆ మూలకణాల ఇంజెక్షన్ గురించి దొరికిందల్లా చదివాను. ఆమె ఎలా ప్రయాణం చేస్తుందో మాత్రం ఆలోచించలేదు. కోపం ఇంకా పోలేదు, ఎవరి మీదో తేల్చుకోలేకపోతున్నాను. ఇలాంటి వైద్యానికి వెళ్లేవాళ్లు ఏ మందులు, సూదులు ఆపాలో ముందే ఆస్పత్రికి ఫోన్ చేసి కనుక్కోండి. కనుక్కున్నది మీ ఆరెంపీకి కూడా చెప్పండి.