నష్టం లేదని రాసిన రోజు

ఫారాలు నింపడమనే పీడ నాకు నా చిన్నప్పుడే తగులుకుంది. అరవై దాటినా వదల్లేదు. ఊళ్లు తిరిగి, జనంతో మాట్లాడి, వాళ్లకు అందాల్సింది అందుతోందో లేదో తేల్చి రిపోర్టు రాయడం నా పని. కన్సల్టెంట్ అంటారు. సగం జీవితం ఇందులోనే గడిచింది. 'ప్రజల భాగస్వామ్యం' అని బ్యానరు కట్టిన హోటలు హాల్లో ఆ ప్రజల్లో ఒక్కరూ కనబడకపోవడం, కొత్తగా చేరిన పిల్లలు ఒక్క పూటలో నలభై ఇళ్లు తిరిగొచ్చి 'అయిపోయింది మేడమ్' అనడం చూసి చూసి నా ఓపిక ఎప్పుడో హరించుకుపోయింది. అయినా ఆ పిల్లల్ని తిట్టబోయి ప్రతిసారీ నోరు మూసుకుంటాను. పదకొండేళ్ల వయసులో నేను చేసిందీ అదే.

మాది పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న చిన్న ఊరు. డెబ్భైల మొదటి రోజులు. చుట్టుపక్కల అప్పుడప్పుడే ఫ్యాక్టరీల గోడలు లేస్తున్నాయి. మా ఊరికి పడమర దిక్కున ఊరందరి పశువులూ మేసే సర్కారీ బీడు ఒకటి ఉండేది. బంచరాయి అనేవాళ్లం. మోతుకు చెట్లు, తంగేడు పొదలు, బండరాళ్లు తప్ప చూడ్డానికి అక్కడేమీ ఉండదు. దాన్ని ఫ్యాక్టరీకి తీసుకుంటారని తెలిసింది. తీసుకునే ముందు ఎవరికి ఏం నష్టమో రాసుకోవాలని సంగారెడ్డి ఆఫీసు నుంచి ఫారాల కట్ట వచ్చింది. ఊళ్లో బడిపంతులు మా బాపు కాబట్టి ఆ కట్ట ఆయన నెత్తిన పడింది. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయి కాబట్టి ఆయన దాన్ని నా నెత్తిన పెట్టాడు.

ఎంత పొంగిపోయానో చెప్పలేను. చేతిలో అట్ట, చెవి మీద పెన్సిలు. ఆదివారం పొద్దున బయల్దేరి ఇల్లిల్లూ తిరిగాను. ఫారంలో నాలుగే నాలుగు ఖానాలు: పట్టా భూమి, బావి, పండ్ల చెట్లు, ఇల్లు. బంచరాయిలో ఎవరికీ పట్టా లేదు, బావి లేదు, ఇల్లు అంతకన్నా లేదు. పని చకచకా సాగింది. ఒక్కో గుమ్మం ముందు నిలబడి 'భూమి ఉన్నదా' అని అడగడం, వాళ్లు 'లేదు' అనడం, అడుగున 'నష్టం లేదు' అని రాసి ముందుకు పోవడం.

ఊరి చివర విస్తర్ల అవ్వ ఉండేది. మోతుకు ఆకులు కోసుకొచ్చి విస్తరాకులు కుట్టి ఇళ్లకు వేసేది. మా ఇంట్లో వంటింటి దాకా వచ్చే చనువుంది. మంచి మాటయినా కసురుకున్నట్టే చెప్పే మనిషి. నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఆకులు కుడుతోంది. ఆమె చేతుల్లో ఆకులున్నాయి, నా కళ్లు ఫారం మీదున్నాయి. అడగాల్సినవి అడిగి, రాసి, లేవబోతుంటే ఆపింది.

"ఏం రాసినవ్ బిడ్డా. సదువు."

చదివాను. భూమి లేదు, బావి లేదు, చెట్లు లేవు, నష్టం లేదు.

"గంతేనా?"

"గంతే అవ్వా."

కాగితాలు ఎప్పుడు తీసుకుపోతారని అడిగింది. రేపు మధ్యాహ్నం సర్వే సారు వస్తాడని, మా ఇంట్లోనే అన్నం తింటాడని గొప్పగా చెప్పాను. ఆమె మళ్లీ ఆకుల్లో పడిపోయింది.

మర్నాడు మా అమ్మకు వంట పనితో ఊపిరాడటం లేదు. ఆఫీసు నుంచి వచ్చే మనిషి మా ఇంట్లో తినడం అదే మొదటిసారి. కోడికూర ఉడుకుతోంది, అన్నానికి ఎసరు పెట్టింది. నన్ను బడి మాన్పించి పని చెప్పింది. అంతలో అవ్వ వచ్చింది. పలకరించలేదు. తలుపు వెనకనున్న, ఇల్లు ఊడ్చే పొరక తీసుకెళ్లి వాకిట్లో పడేసింది. మళ్లీ వచ్చి గూట్లోని విస్తరాకుల కట్ట పట్టుకుపోయింది. ఆ తర్వాత కట్టెల మోపు, పిడకల గంప, గోడలు పూయడానికి అమ్మ నానబెట్టిన ఎర్రమన్ను కుండ. కోళ్లను కప్పిన తంగేడు గంప కూడా ఎత్తేసరికి కోళ్లు ఇల్లంతా పరుగులు పెట్టాయి. అమ్మ ఒక కోడిని పట్టుకునేలోపు అవ్వ పొయ్యి ముందు కూర్చుని మండుతున్న కట్టెలు బయటికి లాగి నీళ్లు చల్లేసింది.

"అవ్వా, ఏందిది? సారు వచ్చే యాల్లయింది. నీకేమన్న దయ్యం పట్టిందా?" అమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

"నాకేం పట్టలే. నీ బిడ్డనడుగు. బంచరాయి పోతే నష్టం లేదని రాసింది. అండ్లకెల్లి వచ్చినయే ఇయన్నీ. పోనియ్యి, మీకేం తక్కువైతది."

చివరికి కొట్టంలో బర్రెను విప్పి వీధిలోకి తోలింది. అది రోజూ మేసేదీ బంచరాయిలోనే. నాకు అవ్వ మీద ఎంత కోపమొచ్చిందంటే, ఆమె చెప్పేది అర్థమవుతున్నా అర్థం కానట్టే నిలబడ్డాను. నా గుండ్రటి అక్షరాల పని మొత్తం ఈమె పాడు చేస్తోందని ఒకటే ఉక్రోషం.

సరిగ్గా అప్పుడే బాపు, ఆయన వెనక సర్వే సారు వచ్చారు. బస్సు దిగి ఎండలో నడిచొచ్చిన మనిషి. వాకిట్లో ఇంటి సామాను, కాళ్ల మధ్య కోళ్లు, వీధిలో బర్రె. ఏమైందని అడిగాడు. అమ్మ చెప్పలేక చెప్పింది. ఆయన విసుగ్గా మొహం తుడుచుకున్నాడు.

"అమ్మా, నువ్వు చెప్పేది నిజమే. కాని ఈ ఫారంల దీనికి ఖానా లేదు. ఇది పైనుంచి వచ్చిన ఫారం."

"పైనున్నోళ్లు మా బంచరాయి సూసిండ్రా?"

"లేదు."

"మరి ఖానా యాడికెల్లి వస్తది?"

బాపు నా వైపు తిరిగి, నిన్న ఏమడిగావని అడిగాడు. భూమి ఉన్నదా అని అడిగానన్నాను. ఇంకేం అడగలేదా అన్నాడు. ఫారంలో ఇంకేం లేదన్నాను. అప్పుడాయన మొహంలోకి వచ్చిన సిగ్గు నా మీద కాదు, తన మీదేనని పెద్దయ్యాక గాని నాకు తెలియలేదు.

సర్వే సారు మంచివాడు. రెండు గంటల బస్సు వదులుకున్నాడు. కూరా అన్నం ఎలాగూ ఉడకలేదు. పొద్దుటి జొన్నరొట్టెలు ఉల్లిగడ్డతో తిన్నాడు. జొన్నలు మా బాపు కొన్నవి కాబట్టి అవ్వ వాటి జోలికి రాలేదు, రొట్టెలు కాల్చిన కట్టెల మాట ఎత్తలేదు. తిన్నాక ఆయనే స్కేలు అడిగి తీసుకుని మొదటి ఫారం మీద అయిదో ఖానా గీశాడు. మిగతావి నన్ను గీయమన్నాడు.

బాపు, సారు, నేను ముగ్గురం మళ్లీ ఇల్లిల్లూ తిరిగాం. ఈసారి భూమి సంగతి ఎత్తలేదు. పొద్దున లేస్తే బంచరాయి నుంచి ఏం తెచ్చుకుంటారని అడిగాం. నిన్న ఒక్క మాటతో తేలిపోయిన ఇళ్ల ముందు ఈరోజు అరగంట చొప్పున పట్టింది. నాకు చేయి నొప్పి, కాళ్లు నొప్పి, చిరాకు. ఒకాయన గొర్రెల గురించి చెప్పాడు. ఇంకొకాయన తంగేడు చెక్క ఒలిచి జోగిపేటలో తోలు పని చేసేవాళ్లకు వేస్తానన్నాడు. ఒకామె మాత్రం తాను అక్కడి నుంచి ఏమీ తెచ్చుకోనంది. పుట్టిన పది రోజులకే పోయిన బిడ్డను అక్కడ పాతిపెట్టానంది. దాన్ని ఎలా రాయాలో తెలియక సర్వే సారు వైపు చూశాను.

"ఆమె చెప్పినట్లే రాయి," అన్నాడు.

రాశాను. అంతదాకా ఉన్న చిరాకు అక్కడ ఆగిపోయింది. ఆమె గుమ్మం ముందు నిన్న నేను ఎంతసేపు నిలబడ్డానో గుర్తుకు తెచ్చుకోవాలని చూశాను. గుర్తు రాలేదు.

ఆ ఫారాలు ఒకసారి వెనక్కి వచ్చాయి, అదనపు గీతలున్నాయని. బాపు ఆ విషయాలే విడి కాగితం మీద రాయించి, ఊరివాళ్ల వేలిముద్రలు వేయించి పంపాడు. సర్వే సారుకు వేరే ఊరికి బదిలీ అయింది. ఏడాది తిరిగేసరికి గోడ లేచింది. పసిబిడ్డను పాతిపెట్టిన చోటు గోడ లోపలికి పోయింది. మోతుకు చెట్లున్న బండల వాలు మాత్రం బయట మిగిలింది. మన కాగితాల వల్లేనని చెప్పడానికి అవ్వ దగ్గరికి పరుగెత్తుకుంటూ పోయాను.

"బండలు పగలయని ఇడిసిపెట్టిండ్రు తియ్యి," అంది, ఆకు కుడుతూనే.

ఏది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు. చేసిన పనికి ఫలితమిదీ అని వేలు పెట్టి చూపించలేని బతుకే నాదైంది తర్వాత.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె దగ్గర్నుంచి నాకు మిగిలింది ఒకే ఒక్క అలవాటు. రాసిన రిపోర్టు ఏదైనా ఆఫీసుకు పోకముందు ఎవరి గురించి రాశానో వాళ్ల మధ్య కూర్చుని పైకి చదువుతాను. మొన్న పాశమైలారంలో ఫ్యాక్టరీ కూలీల కిరాయి గదుల ముందు మెట్ల మీద కూర్చుని చదివాను. రెండో పేజీలోనే ఒకావిడ చేయెత్తి, అది తాను చెప్పిన మాట కాదంది. పంపాల్సిన గడువు ఆరోజే. అవతల ఫోన్ మోగుతూనే ఉంది. విసుగొచ్చింది, వస్తుంది కూడా, ఎప్పుడూ వస్తుంది. విసుక్కుంటూనే ఆ వాక్యం కొట్టేసి, మళ్లీ చెప్పమ్మా అన్నాను.